వరంగల్‌లో ఏ పూటకు ఎక్కడ: ఒక మెడికల్ రెప్ తిండి లెక్క

మెడికల్ రెప్‌గా ఈ ఊళ్లో తిరగడం మొదలుపెట్టి పదిహేడేళ్లు దాటింది. ఆదివారం తప్ప మిగతా ఆరు రోజులు టిఫిన్, భోజనం, చాయ్ అన్నీ బయటే. డాక్టర్లు ఓపీ అయ్యాకే మమ్మల్ని లోపలికి పిలుస్తారు. అప్పటిదాకా బ్యాగు పట్టుకుని బయట నిలబడే మనిషికి తినడం తప్ప ఇంకో పని ఏముంటుంది? హన్మకొండ, వరంగల్, కాజీపేట మూడూ నా ఏరియా. వారానికోసారి నర్సంపేట, పరకాల, పదిహేను రోజులకోసారి ములుగు. 2016లో జిల్లాను విడగొట్టారు, 2021లో మళ్లీ పేర్లు మార్చారు. నా టూర్ ప్లాన్‌లో ఊళ్లు మాత్రం అవే.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు, హైదరాబాద్ నుంచి వచ్చే మేనేజర్లు అందరూ ఒకటే అడుగుతారు. "అన్నా, ఇక్కడ బెస్ట్ హోటల్ ఏది?" ఒక్క పేరు చెప్పి తప్పించుకుందామంటే నాకు నోరు రాదు. సాయంత్రం నాలుగింటికి నేను లొట్టలేసుకుంటూ తిన్న బేకరీలోనే రాత్రి ఎనిమిదింటికి అదే పఫ్ రబ్బరు ముక్కలా ఉంటుంది. అందుకే ఇప్పుడు ఎవరడిగినా ముందు "ఎన్ని గంటలకు పోతవ్?" అని ఎదురు అడుగుతాను. ఇంకో మాట. నేను తినే చోట్లలో సగం బండ్లకు బోర్డే లేదు, బోర్డు ఉన్నవాటికి ఓనర్లు మారుతుంటారు. కాబట్టి సెంటర్లు, గుర్తులు చెబుతాను. అక్కడికి వెళ్లి ఎక్కడ జనం ఉన్నారో చూస్తే మిగతాది మీకే తెలుస్తుంది.

పొద్దున కాజీపేట. జంక్షన్ కదా, తెల్లవారుజామున రైలు దిగేవాళ్లు, నైట్ డ్యూటీ ముగించుకున్న రైల్వే వాళ్లు ఉంటారు. వాళ్ల కోసం స్టేషన్ బయట బండ్లు ఆరింటికే వెలుగుతాయి. ఇడ్లీ, వడ, మైసూర్ బజ్జీ. ఏడింటి నుంచి ఎనిమిదిన్నర మధ్య తినండి. నేను ఇడ్లీ కంటే ముందు పల్లీ చట్నీ వంక చూస్తాను. ప్లేట్‌లో పోయగానే ఇడ్లీ చుట్టూ గట్టిగా నిలబడితే అది మొదటి గిన్నె. అంచుల దాకా పారితే గిన్నె అడుగంటింది, నీళ్లు కలిశాయి. తొమ్మిదిన్నర దాటాక చల్లారిన వడను మళ్లీ నూనెలో ముంచి తీస్తారు. పైన కరకరలాడుతుంది, లోపల చల్లగా చద్దిముద్ద. దానికంటే ఆ టైముకు ఉప్మా నయం.

దోశ అయితే హన్మకొండలో అశోకా జంక్షన్ నుంచి చౌరస్తా దాకా నడుచుకుంటూ వెళ్లండి, పెనం చప్పుడు వినిపిస్తుంది. ఎర్రకారం రాసి ఉప్మా పెట్టి మడిచే దోశ ఇక్కడ బాగుంటుంది. బాస్‌తో వచ్చారు, కూర్చుని మాట్లాడుకోవాలి అంటే నక్కలగుట్టలో టూరిజం వాళ్ల హరిత కాకతీయ ఉంది. కారు పెట్టుకోవచ్చు, ఎవరూ తొందరపెట్టరు. మా కంపెనీ మీటింగులు ఎన్నో అక్కడే అయ్యాయి.

ఇక నా అసలు బలహీనత, బేకరీలు.

ఎంజీఎం ఆసుపత్రి నుంచి పోచమ్మ మైదాన్ దాకా ఉన్న రోడ్డు నాకు అన్నం పెట్టిన రోడ్డు, అక్షరాలా. క్లినిక్కులు, మెడికల్ షాపులు, మధ్యలో బేకరీలు. అక్కడి మాస్టర్లు రోజుకు రెండుసార్లు పఫ్ ట్రేలు దించుతారు. పొద్దున పదకొండు దాటాక ఒకసారి, సాయంత్రం నాలుగు ప్రాంతంలో రెండోసారి. నాలుగింటి ట్రే నాది. కౌంటర్ కుర్రాడికి నా ముఖం ఎంత గుర్తంటే, బండి స్టాండ్ వేసేలోపే లోపలి నుంచి కేకేస్తాడు. "సార్, ఇంకో ఐదు నిమిషాలాగు, గరం గరం దిగుతయి!" ఆ ఐదు నిమిషాల కోసం ఒకసారి గైనకాలజిస్ట్ అపాయింట్‌మెంట్ పోగొట్టుకున్నాను. మేనేజర్‌కు మాత్రం ట్రాఫిక్ అని చెప్పాను.

ఎగ్ పఫ్ పట్టుకోగానే కొంత తెలిసిపోతుంది. పేపర్‌కు నూనె మరక కొద్దిగా అంటాలి, కారకూడదు. కొరికితే పొరలు చొక్కా మీద రాలాలి. రాలకపోతే అది నిన్నటిది. లోపల అర గుడ్డు, ఉల్లిగడ్డ మసాలా. మసాలాలో మిరియం ఘాటు తెలియాలి. చాలామంది చేసే తప్పు, చల్లారిన పఫ్‌ను మైక్రోవేవ్‌లో వేడి చేసి ఇమ్మనడం. దాంట్లో పెడితే పొరలన్నీ మెత్తబడి సాగుతాయి. ఓవెన్‌లో పెట్టి ఇవ్వమనండి. కుదరదంటే పఫ్ మానేసి కారా బిస్కెట్లు తీసుకోండి, వాటికి టైముతో పని లేదు. నేను చేరిన కొత్తలో ఎనిమిది రూపాయలున్న ఎగ్ పఫ్ ఇప్పుడు ఇరవై దాటింది. గుడ్డు మాత్రం అర నుంచి పావుకు జారిన చోట్లున్నాయి. అలాంటి చోట నేను రెండోసారి ఆగను.

దిల్‌పసంద్ దీనికి పూర్తిగా విరుద్ధం. కొబ్బరి, టూటీ ఫ్రూటీ కూరిన గుండ్రటి రొట్టెను త్రికోణాలుగా కోసి పెడతారు కదా, అది ఓవెన్ నుంచి దిగిన రోజు కంటే మర్నాడే నాకు నచ్చుతుంది. తీపి పిండిలోకి దిగి ఉంటుంది. మా ఆవిడ ఒప్పుకోదు. ఆమెది హుజూరాబాద్, అక్కడ వేడిగానే తింటారట.

అయ్యంగార్ బేకరీ అని బోర్డు చూసి అదంతా ఒకే కంపెనీ అనుకునేవాళ్లున్నారు. కాదు. ఆ పద్ధతి బెంగళూరుది, కర్ణాటకలోని హాసన్ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు మొదలుపెట్టినది. ఇప్పుడు ఎవరికి వాళ్లే ఆ పేరు పెట్టుకుంటున్నారు. కాబట్టి ఒక అయ్యంగార్ బేకరీలో బాగుందని ఇంకో అయ్యంగార్ బేకరీలో కొంటే పూచీ లేదు. వాటిలో కారం బన్ను, వెజ్ పఫ్ చూడండి.

కూల్ కేక్ గురించి చెప్పక తప్పదు. మా పాప ఐదో పుట్టినరోజుకు ఒక పెద్ద షోరూంలో, పేరు వద్దులెండి, రెండు కిలోల కేక్ ఆర్డరిచ్చాను. సాయంత్రం ఆరింటికని రాయించాను. తీరా చూస్తే ఫ్రిజ్‌లో ముందు రోజు చేసి పెట్టిన కేక్ మీద పేరు రాసిచ్చారు, అదీ అక్షరం తప్పుగా. క్రీమ్ నాలుక మీద కరగలేదు, అంగిటికి జిడ్డులా పట్టుకుంది. కూల్ కేక్‌ల మీద చాలాచోట్ల వేసేది పాల క్రీమ్ కాదు, నూనెతో చేసే విప్పింగ్ క్రీమ్. అది తప్పేం కాదు, తాజాగా గిలక్కొడితే బాగానే ఉంటుంది. నిల్వ ఉంటేనే ఆ జిడ్డు. అప్పటి నుంచి చిన్న బేకరీలో పొద్దున్నే అడ్వాన్స్ ఇచ్చి, మధ్యాహ్నం ఒకసారి అటు వెళ్లి బేస్ దిగిందా లేదా చూసి వస్తున్నాను. మా ఆవిడ దీన్ని ఆడిటింగ్ అంటుంది.

చాయ్‌కి మండీ బజార్ వైపు వెళ్లాలి. ఇరానీ చాయ్‌లో డికాక్షన్ వేరు, పాలు వేరు. రెండూ విడిగా మరిగి కప్పులోనే కలుస్తాయి. అందుకే అక్కడ కూడా టైమే. పొద్దున ఎనిమిదింటి డికాక్షన్‌కు రంగు, వాసన రెండూ ఉంటాయి. మధ్యాహ్నం మూడింటికి అదే గిన్నె ఇంకా మరుగుతుంటే నాలుక మీద చేదు పట్టుకుంటుంది. గిన్నె మార్చారా అని మాస్టర్‌ని అడగడానికి మొహమాటపడకండి. "నయా బనాయా సాబ్" అని ఆయనే చెబుతాడు. ఏడో నిజాం పేరు మోసే ఉస్మానియా బిస్కెట్లు పక్కనే పెడతారు. మంచి బిస్కెట్ అయితే చాయ్‌లో ముంచి మూడు అంకెలు లెక్కపెట్టినా తడుస్తుంది కానీ తెగిపడదు. తీపి ముందు తెలిసి, ఉప్పు తర్వాత తెలియాలి. రంజాన్ నెలలో ఇదే వీధిలో హలీం. ఇఫ్తార్ అయిన అరగంటలోపు వెళితే మాంసం, గోధుమ కలిసి తీగలా సాగుతుంది. రాత్రి పదింటికి అడుగున మిగిలింది మాడు వాసన వస్తుంది.

మధ్యాహ్నం భోజనం గురించి ఎక్కువ చెప్పను. నయీంనగర్‌లో కాలేజీలు, హాస్టళ్లు ఎక్కువ కాబట్టి మెస్సులూ ఎక్కువే. పన్నెండున్నరకు వెళితే పప్పు చిక్కగా ఉంటుంది, రెండింటికి చారుకు తమ్ముడవుతుంది. కాజీపేట దాటాక ఆర్ఈసీ ముందు కూడా అంతే. 1959లో పెట్టిన ఆ కాలేజీ ఎన్ఐటీ అయి ఇరవై ఏళ్లు దాటినా మాకు ఆర్ఈసీనే. మాంసం తినాలంటే బిర్యానీ బోర్డుల జోలికి పోకుండా బగారన్నం, మటన్ కూర పెట్టే చిన్న హోటళ్లు వెతకండి. బిర్యానీ హైదరాబాద్‌లో తినొచ్చు, నూట యాభై కిలోమీటర్లు లేదు. పెళ్లిళ్లలో పెట్టే బగారన్నం రుచి ఇక్కడే దొరుకుతుంది. పక్కన పచ్చిపులుసు పోయించుకోండి.

మండీ, అంటే పెద్ద పళ్లెంలో మాంసంతో వచ్చే అరబ్బీ అన్నం, తినే పిల్లలకు ఒక మాట. మూడేళ్ల కింద ఒకచోట స్నేహితులతో కలిసి మండీ తిన్నాను, ఒక గిన్నె మయోనీజ్ నేనొక్కడినే ఊడ్చాను. తెల్లారేసరికి సెలైన్ ఎక్కించుకుంటున్నాను, అదీ నేను రోజూ మందులు ప్రమోట్ చేసే డాక్టర్ దగ్గరే. ఆయన నవ్వు ఇప్పటికీ కళ్లముందే ఉంది. పచ్చి గుడ్డుతో చేసే మయోనీజ్‌ను 2024 అక్టోబర్ చివర్లో ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. నేనైతే అంతకుముందే నిషేధించుకున్నాను.

సాయంత్రం ఆరున్నర తర్వాత రోడ్డు పక్కన జొన్న రొట్టెల పొయ్యిలు కనిపిస్తాయి. హన్మకొండలో ఏ పెద్ద రోడ్డు మీదైనా రెండు మూడు ఉంటాయి. చేత్తో చరిచే చప్పుడు వినిపించే చోట ఆగండి. ముందే చేసి గుడ్డలో చుట్టి పెట్టిన రొట్టె చెమర్చి తోలులా అవుతుంది. షుగర్ బార్డర్‌లో ఉందని డాక్టర్ చెప్పినప్పటి నుంచి నా రాత్రి భోజనం ఇదే. రెండు రొట్టెలు, పాలకూర పప్పు, ఎల్లిగడ్డ కారం. పఫ్ సంగతి డాక్టర్‌కు చెప్పలేదు.

సర్వపిండి మాత్రం హోటల్‌లో వెతికితే నిరాశే. పెట్టే చోట్లు ఉన్నాయి, కానీ చాలావరకు పెనం మీద కాల్చిన బియ్యపు రొట్టెకు ఆ పేరు పెట్టి ఇస్తారు. అసలుది సర్వ, అంటే గుండ్రటి గిన్నె, లోపల అద్దాలి. బియ్యప్పిండి, పల్లీలు, శనగపప్పు, నువ్వులు, పచ్చిమిర్చి, కరివేపాకు కలిపి, గిన్నె లోపలి గోడలకు పలుచగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి నూనె పోసి, మూతపెట్టి సన్నటి మంట మీద వదిలేయాలి. అడుగున ఎర్రగా, అంచున కరకర, నడుమ మెత్తగా వస్తుంది. పరకాలలో ఇంటి ముందే వేసి అమ్మే ఒక పెద్దమ్మ ఉంది. ఇరవై నిమిషాలు నిలబెట్టిందని ఒకసారి విసుక్కున్నాను. "వేడి సర్వకు పిండి అద్దితే చెయ్యి కాలుతది బిడ్డా, సల్లారనియ్యాలె కద" అంది. రెండు సర్వలు పెట్టుకుని ఒకటి చల్లారేలోగా ఇంకోటి పొయ్యి మీద పెడుతుంది. గంటకు ఆరేడు కంటే రావు. వంద మందికి వడ్డించే హోటల్‌కు ఇది కుదిరే పనేనా? కాబట్టి నేను పరకాల వెళ్లే రోజు పొద్దున్నే ఫోన్ చేసి చెబుతాను, డాక్టర్లందరినీ కలిసి తిరుగు ప్రయాణంలో తీసుకుంటాను.

ఇదే పద్ధతి రామప్పకు కూడా పనికొస్తుంది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక చుట్టాలెవరు వచ్చినా పాలంపేట తీసుకెళ్లమంటున్నారు. పోయేటప్పుడే దారిలో ములుగు రోడ్డు మీద నాటుకోడి చెప్పి పోండి. నాటుకోడి ఉడకడానికి గంటన్నర పడుతుంది, గుడి చూసి రావడానికీ అంతే. గుడి చూశాక ఆకలితో వచ్చి కూర్చుంటే తొందరలో బాయిలర్ ముక్కలే నాటు పేరుతో వస్తాయి. ఎముక విరిస్తే తెలిసిపోతుంది. మేడారం జాతర జరిగే వారంలో మాత్రం ఆ రోడ్డు మీద భోజనం ఆశ పెట్టుకోవద్దు, ఇంటి నుంచి పులిహోర కట్టుకుపొండి.

కొనుక్కుపోవడానికి రెండే చెబుతాను. మొదటిది చపాటా మిర్చి. ఎర్రగా, పొట్టిగా, టమాటాలా ఉబ్బి ఉంటుంది. కారం తక్కువ, రంగు ఎక్కువ. 2025లో దానికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. ఎనుమాముల మార్కెట్‌కు ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొత్త పంట వస్తుంది. పచ్చడికి కారం పట్టించుకుంటే ఏడాదంతా రంగు తగ్గదు. మా ఇంట్లో మామిడికాయ తొక్కుకు వాడేది అదే.

రెండోది సకినాలు. హన్మకొండలో ఏడాది పొడవునా కిలోల లెక్కన అమ్ముతారు, కానీ సంక్రాంతికి ముందు వారం చేసేవే వేరు. ఆ వారంలో బట్ట పరిచి నలుగురు ఆడవాళ్లు కూర్చుని చేత్తో చుట్టే ఇళ్లు హన్మకొండ పాత గల్లీల్లో ఇప్పటికీ ఉన్నాయి. నువ్వులు ఎక్కువ, వాము తక్కువ అని ముందే చెప్పాలి. విరిస్తే టక్కున శబ్దం రావాలి, నూనె వేలికి అంటకూడదు. పండుగకు పది రోజుల ముందే చెప్పి పెట్టుకోండి, పోయేటప్పుడు స్టీలు డబ్బా మీరే తీసుకెళ్లండి. కవర్‌లో పోయించుకుంటే ఇంటికి చేరేసరికి సగం పొడే.