ఏఏసీ బ్లాకులు: మేస్త్రి కాని మనిషి కట్టి చూసి రాస్తున్న మాట

పెద్ద గదిని రెండు చేయడానికి అడ్డుగోడ, పనిముట్ల బల్ల కిందికి దిమ్మెలు. రెంటికీ ఏఏసీ బ్లాకులే (ఆటోక్లేవ్డ్ ఏరేటెడ్ కాంక్రీట్, అంటే లోపల గాలి బుడగలుండే తేలిక సిమెంటు దిమ్మలు) వాడాను. నేను మేస్త్రిని కాను, పైగా నడుము నొప్పి ఉన్నవాణ్ణి. ఆ సంగతి మనసులో పెట్టుకుని చదవండి. బ్లాకుకి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. దాన్ని అమ్మే తీరుకి మాత్రం రెండిస్తే ఎక్కువే.

ముందు బరువు. 600 మి.మీ. పొడవు, 200 ఎత్తు, 100 మందం ఉన్న బ్లాకు బాగా ఆరాక ఏడు కిలోలకి కాస్త అటూ ఇటూగా తూగుతుంది. అంత చోటే ఎర్ర ఇటుకలతో కడితే, మాలుతో కలిపి ఇరవై కిలోలు దాటుతుంది. తేడా అంతా లోపలి గాలి వల్లే. సిమెంటు, సున్నం, సన్నటి ఇసుక లేదా ఫ్లై యాష్ (బొగ్గు కాల్చగా మిగిలే సన్నటి బూడిద) కలిపిన ముద్దలో కొద్దిగా అల్యూమినియం పొడి వేస్తారు. హైడ్రోజన్ బుడగలు పుట్టి ముద్ద పొంగుతుంది. కాస్త గట్టిపడ్డాక తీగలతో కోసి, 180 నుంచి 200 డిగ్రీల ఆవిరిలో, పది పన్నెండు బార్ల ఒత్తిడి కింద గంటల తరబడి ఉంచుతారు. 1920ల్లో స్వీడన్ ఆర్కిటెక్ట్ యోహాన్ ఆక్సెల్ ఎరిక్సన్ రూపుదిద్దిన పద్ధతి ఇది. మూలసూత్రం నేటికీ మారలేదు.

అయితే ఆ ఏడు కిలోలు కాగితం మీది మాట. ఆవిరి పెట్టెలోంచి అప్పుడే తీసిన బ్లాకులో బరువులో ముప్పై శాతం దాకా నీరే ఉండొచ్చు. నాకొచ్చిన లోడు అలాంటిదే. ఎత్తగానే తెలిసిపోయింది. అంచులు విరిగినవీ బోలెడు. అడిగితే దుకాణంవాళ్ళు "అవి అలాగే ఉంటాయండీ" అన్నారు. విరిగిన అంచులతో పెద్ద చిక్కు లేదు, ఎలాగూ సగం ముక్కలు కావాలి కదా. చిక్కంతా తడితోనే. గోడ కట్టాక ఆ నీరు ఆరుతూ బ్లాకు కొద్దిగా కుంచించుకుపోతుంది, అప్పుడు పగుళ్ళు వస్తాయి. అందుకే కొనేటప్పుడు ఎప్పుడు తయారైందో అడగండి. తెచ్చాక చెక్కల మీద పేర్చి, పైన మాత్రం పట్టా కప్పి, పక్కలు గాలికి వదిలేయండి. తొందరపడి కట్టకండి.

కోయడం మాత్రం హాయి. పెద్ద పళ్ళ చేతిరంపం చాలు, కరెంటు కట్టర్ అక్కర్లేదు. మూలమట్టంతో గీత గీసుకుని నాలుగు వైపులా పైపైన గాడి పెట్టి, ఆ తర్వాత రంపం దించితే కోత వంకర పోదు. దుమ్ములో సిలికా ఉంటుంది, మాస్కు లేకుండా రంపం పట్టొద్దు.

ఇక బ్లాకులు అతికించే మాలు. దీన్ని బ్లాక్ గమ్ అనీ, జాయింటింగ్ మోర్టార్ అనీ అమ్ముతారు. మామూలు సిమెంటు మాలు పది పన్నెండు మి.మీ. మందం వేస్తే, ఇది రెండు మూడు మి.మీ. వేస్తే చాలు. సంచి మీద రాసినంత నీళ్ళే పోసి, డ్రిల్లుకి తిప్పుడు కడ్డీ బిగించి కలపండి. కాసేపు వదిలి మళ్ళీ ఒకసారి తిప్పండి. పళ్ళ తాపీతో లాగితే మాలులో పడ్డ గాడులు అలాగే నిలబడాలి. నిలబడకపోతే నీళ్ళు ఎక్కువైనట్టే. ఇటుకల్లా బ్లాకుల్ని నీళ్ళలో నానబెట్టకండి. దుమ్ము దులిపి, తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే సరి. నిలువు సందుల్లో కూడా గమ్ పూర్తిగా పట్టించాలి. అక్కడ పొదుపు చేస్తే గోడ అక్కడే చీలుతుంది.

ఇంత పలచటి సందులో హెచ్చుతగ్గులు సర్దే వీలుండదు, కాబట్టి మొదటి వరస ఒక్కటీ మామూలు సిమెంటు మాలు మీదే వేయాలి. నేల ఎగుడుదిగుడు అంతా అక్కడే తేలిపోవాలి. రసమట్టం పొడవునా, అడ్డంగా పెట్టి, రబ్బరు సుత్తితో తడుతూ, తగ్గినచోట బ్లాకు తీసి మళ్ళీ మాలు వేసి కూర్చోబెట్టాను. నా సమయంలో ఎక్కువ భాగం దీనికే పోయింది. దాని పైవరసలు చకచకా లేచాయి. ఒక వరస సందు మీద పై వరస సందు పడకుండా సగం బ్లాకు జరిపి పేర్చాలి. రెండు మూడు వరసలకొకసారి పక్క గోడకి ఇనుప పట్టీతో కట్టాలి. పైన స్లాబు దాకా బిగించకుండా వేలు మందం సందు వదిలి ఫోముతో నింపండి. స్లాబు కాస్త వంగినా ఆ భారం గోడ మీద పడదు.

నేను కోత పెట్టిన అర మార్కు స్క్రూల దగ్గర పోయింది. స్క్రూ కోసం చిల్లులో దూర్చే మామూలు ప్లగ్గు ఈ గోడలో పట్టదు, స్క్రూ తిప్పుతుంటే చిల్లంతా పొడై రాలుతుంది. ఏఏసీ కోసమే చేసిన, మరలాంటి రెక్కలున్న నైలాన్ ప్లగ్గులు దొరుకుతాయి. చిల్లు పెట్టేటప్పుడు డ్రిల్లు హ్యామర్ మోడ్ ఆపేయండి. బరువైన షెల్ఫు బిగించాలంటే గోడ దాటి అటువైపు పట్టీ వేసి బోల్టు బిగించడమో, కెమికల్ యాంకర్ (చిల్లులో జిగురు మందు నింపి అందులో బోల్టు నిలిపే పద్ధతి) వాడడమో చేయాలి. బ్లాకులు అమ్మేవాళ్ళెవరూ ఈ ముక్క తమంతట తాము చెప్పరు. నా కోపమంతా ఇక్కడే.

వైరింగ్ కోసం గోడలో కొట్టే గాడుల సంగతీ చూసుకోవాలి. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు మించొద్దు, అడ్డగాడి ఆరో వంతు మించొద్దు. 100 మి.మీ. గోడలో అడ్డగాడి అంటే 16 మి.మీ. మాత్రమే. వైరు దూర్చే మామూలు పైపే అంత మందమో, అంతకన్నా ఎక్కువో ఉంటుంది. కాబట్టి అడ్డంగా వైరు లాగే ఆలోచన మానుకుని పైనుంచి నిలువునా దించండి.

పునాదిలో, ఎప్పుడూ తడిసే చోట వీటిని పెట్టకండి, నీరు బాగా పీలుస్తాయి. పైకప్పు బరువు మోసే గోడైతే ఇంజనీరుని అడగకుండా ముట్టుకోకండి. వేడిని ఇటుక కన్నా బాగా ఆపుతాయి, నిప్పు అంటుకోవు. శబ్దం మాత్రం అంతగా ఆపవు, తేలిక గోడ కదా. పక్క గదిలో టీవీ గొడవ వినపడకూడదనుకుంటే ఇటుకే మేలు.