ఒక్క గిటార్‌ను మూడు చేస్తుందన్న పెడల్ కొనేముందు ఇది చదవండి

బృందంలో ఒక్కరే గిటార్ వాయించేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. స్టూడియోలో పొరలు పొరలుగా రికార్డు చేసిన గిటార్ భాగాలను వేదిక మీద ఒక్కరే వినిపించవచ్చని, రెండు అవుట్‌పుట్లతో అసలైన స్టీరియో అని ప్రకటనలో చూసి, గత నెల ఆన్‌లైన్ దుకాణంలో 14,500 రూపాయలకు ఒక పెడల్ (గిటార్ ధ్వనిని మార్చే, కాలితో నొక్కే చిన్న పెట్టె) కొన్నాను. ఇంట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాయిస్తే నిజంగానే కుడి, ఎడమ చెవుల్లో రెండు గిటార్లు వినిపించాయి. నమ్మేశాను.

ప్రదర్శన రోజు, సరిగ్గా పాట చిక్కగా ఉండాల్సిన చోట నా గిటార్ బోలుగా, పల్చగా మారిపోయింది. సౌండ్ ఇంజనీరు ఎంత పెంచినా లాభం లేకపోయింది. పెడల్ ఆపేశాక గానీ గిటార్ మళ్లీ వినిపించలేదు. తర్వాత మరమ్మతు చేసే ఆయన విప్పి చూపించారు: రెండు అవుట్‌పుట్లనూ లోపల ఒకే తీగకు కలిపేశారు. స్టీరియో ఉన్నది హెడ్‌ఫోన్లకు మాత్రమే.

దీనివల్ల నష్టం ఏమిటో తెలియాలి. ఈ పెడల్ మీ గిటార్ స్వరానికి నకలు తీసి, కచ్చితంగా 10 మిల్లీసెకన్లు ఆలస్యంగా వినిపిస్తుంది. అసలు, నకలు సమాన స్థాయిలో ఒకే స్పీకర్‌లో కలిస్తే 50, 150, 250 హెర్ట్జ్, ఇలా వరసగా కొన్ని ధ్వనులు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. స్టూడియోలో వాద్యకారుడు అదే భాగాన్ని మళ్లీ వాయిస్తాడు. రెండుసార్లూ అచ్చం ఒకేలా రాదు, ఆ తేడా క్షణక్షణం మారుతుంది. చిక్కదనమంతా అక్కడే ఉంది. 1966లో లండన్‌లోని అబీ రోడ్ స్టూడియోలో ఇంజనీరు కెన్ టౌన్‌సెండ్, మళ్లీ రికార్డు చేయకుండా టేపు యంత్రంతోనే ఈ పని సాధించినప్పుడు కూడా టేపు వేగాన్ని మారుస్తూ ఆ ఎడం కదిలేలా చేశారు.

క్వీన్ రాక్ బృందంలో గిటారిస్టు బ్రయాన్ మే వేదిక మీద ఒక్కడే మూడు గిటార్లు వినిపించేవాడు. స్వరాన్ని ఆలస్యంగా తిరిగి వినిపించే ఎకోప్లెక్స్ టేపు యంత్రాలు రెండు వాడి, వాటి ధ్వనులను వేర్వేరు యాంపులకు (యాంప్లిఫైయర్లకు) పంపేవాడు. ఐరన్ మెయిడెన్ అనే రాక్ బృందం అయితే 1999 నుంచి ముగ్గురు గిటారిస్టులతోనే వాయిస్తోంది. నాకు ఆ అవకాశం లేకే ఈ పెడల్‌ను నమ్ముకున్నాను.

కాబట్టి కొనేముందు రెండు అవుట్‌పుట్లనూ రెండు యాంపులకు కలిపి వినండి. ఒక్కో యాంపును ఆపి చూడండి. రెండింటిలోనూ ఒకే శబ్దం వస్తే వదిలేయండి. తర్వాత రెండింటినీ మిక్సర్‌లో మోనోగా, అంటే ఒకే ధ్వనిగా, కలిపి వినండి, ఎందుకంటే చాలా వేదికల్లో చివరికి జరిగేది అదే. హెడ్‌ఫోన్లతో విన్నది లెక్కలోకి తీసుకోకండి. ఆన్‌లైన్‌లో కొంటే ప్రకటన పేజీని ఫొటో తీసి పెట్టుకోండి. నేను ఫిర్యాదు చేసిన మర్నాడే నా పేజీలో "స్టీరియో" అన్న మాట మాయమైంది.

పెట్టె తెరిచాను కాబట్టి వాపసు లేదని దుకాణం వాళ్లు చెప్పారు. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను, ఇంకా తేలలేదు. అదే పెడల్ అదే ధరకు ఈ రోజు కూడా అమ్మకంలో ఉంది.