కారు ఏసీ నీళ్లు కాళ్ల కిందికి వస్తే: మూడు వేసవుల తర్వాత నా సమీక్ష

నాకు మొదట తెలిసింది తడి వల్ల కాదు, శబ్దం వల్ల. మలుపు తిరిగినప్పుడల్లా డాష్‌బోర్డు లోపల సగం నిండిన నీళ్ల సీసా దొర్లినట్టు గలగలమనేది. గ్లవ్ బాక్సులో నిజంగానే ఏదో సీసా పడి ఉంటుందనుకుని రెండు వారాలు పట్టించుకోలేదు. ఒకరోజు మలుపు కాస్త గట్టిగా తిప్పేసరికి పక్క సీట్లో ఉన్న అమ్మ కాళ్లు పైకి లాక్కుని, "ఒరేయ్, నీ కారు నా కాళ్ల మీద చన్నీళ్లు పోస్తోందిరా!" అంది. బండి పక్కకు ఆపి చూస్తే మ్యాటు మీద చిన్న మడుగు. మ్యాటు ఎత్తితే కింద కార్పెట్ అంతా ముద్దముద్దగా ఉంది.

అప్పటి నుంచి ఇప్పటికి మూడు వేసవులు, సుమారు 40 వేల కిలోమీటర్లు. ఇదే జబ్బు రెండుసార్లు వచ్చింది. ఇద్దరు మెకానిక్‌లు చెయ్యి పెట్టారు, చివరికి నేనే చేసుకున్నాను. ఏ వైద్యం నిలబడింది, ఏది దండగ అయిందీ చెప్పడానికి ఇప్పుడు కొంచెం హక్కు వచ్చిందనుకుంటున్నాను.

అసలు ఆ నీళ్లు ఎక్కడివో తెలియకపోతే ఎవరు ఏం చెప్పినా నమ్మేస్తాం. నేనూ నమ్మాను. ఏసీ వేస్తే గాలి చల్లబడటంతో పాటు అందులోని తేమ కూడా విడిపోతుంది. 35 డిగ్రీల ఎండలో, 60 శాతం తేమ ఉన్న గాలి ప్రతి ఘనపు మీటరులో దాదాపు 24 గ్రాముల నీరు ఆవిరి రూపంలో ఉంటుంది. దాన్ని 5 డిగ్రీలకు చల్లబరిస్తే 7 గ్రాములు మాత్రమే నిలుస్తాయి. మిగిలిన 17 గ్రాములూ డాష్‌బోర్డు వెనకాల ఉండే కూలింగ్ కాయిల్ రేకుల మీద చెమటలా పట్టి కిందికి జారతాయి. ఉక్కపోత రోజున గంటకు ఒక లీటరు దాకా రావడం వింతేమీ కాదు. కాయిల్ కింద ప్లాస్టిక్ తొట్టి, దానికి అడుగున వేలు పట్టేంత డ్రెయిన్ పైపు, ఆ పైపు చివర కారు కింద. ఏసీ వేసి ఆపిన కారు కింద కనిపించే చుక్కలు ఇవే. ఆ దారి మూసుకుపోతే తొట్టి నిండుతుంది, నిండాక లోపలికి పొర్లుతుంది. నాకు వినబడిన గలగల ఆ తొట్టిదే.

అప్పుడు గుర్తొచ్చింది, పార్కింగ్‌లో నా కారు కింద తడి కనిపించక ఎన్ని రోజులైందోనని. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. కారు లోపల నీళ్లు కనబడ్డాక కంగారు పడ్డాను కానీ, బయట కనబడటం మానేసినప్పుడే చూసుకోవాల్సింది.

మొదటి మెకానిక్ చూడగానే "గ్యాస్ లీకవుతోంది సార్, నింపేస్తే సరిపోతుంది" అన్నాడు. నింపించాను. గాలి కాస్త చల్లగా వచ్చినట్టనిపించింది, నీళ్లు మాత్రం ఇంకా ఎక్కువగా వచ్చాయి. ఎక్కువగా ఎందుకు రావు, కాయిల్ ఎంత చల్లబడితే అంత నీరు! లీకైన గ్యాస్ నీళ్లుగా మారి మ్యాటు మీద పడదు. చాలా కార్ల ఏసీల్లో వాడే ఆర్134ఏ అనే గ్యాస్ బయటి గాలిలో మైనస్ 26 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. న్యాయంగా చెప్పాలంటే గ్యాస్ తగ్గడానికీ నీళ్లకూ ఒక సంబంధం ఉంది. గ్యాస్ తగ్గినా, కారు లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోయి గాలి ఆడకపోయినా కాయిల్ మీద మంచు గడ్డ కట్టవచ్చు. అలాంటప్పుడు కాసేపటికి గాలి మందగిస్తుంది. ఏసీ ఆపాక గడ్డ కరిగి ఒక్కసారిగా నీళ్లు దిగుతాయి. నా కారులో గాలి ఎప్పుడూ మందగించలేదు. ఆ ప్రశ్న ఆయన అడగలేదు, అడగాలని నాకు తెలియదు.

రెండో ఆయన జబ్బు సరిగ్గానే పట్టుకున్నాడు, వైద్యం దగ్గరే తొందరపడ్డాడు. కారు పైకెత్తి, టైర్లకు కొట్టే గాలి గొట్టాన్ని డ్రెయిన్ పైపు చివర పెట్టి ఒక్కసారి కొట్టాడు. బుస్సుమంది, నీళ్లు దూకాయి, ఇద్దరం నవ్వుకున్నాం. ఇంటికొచ్చి ఏసీ వేస్తే గాలి జాలీల్లోంచి నల్లని బూజు తుంపరలు సీటు మీద పడ్డాయి. పైపులో ఉన్న మురికి కొంత బయటికి రాకుండా పైకి, కాయిల్ గదిలోకి ఎగిరిందన్నమాట. వారం తిరిగేసరికి కార్పెట్ మళ్లీ తడి. ఈసారి గలగల లేదు, మలుపులతో పనీ లేదు, ఏసీ వేసినంతసేపూ కారుతూనే ఉంది. ఆ గాలి దెబ్బకు తొట్టి అడుగున ఉండే రబ్బరు ఎల్బో, అంటే మోచేయిలా వంగిన పైపు ముక్క, తన మూతి నుంచి జారిపోయింది. అది నాకు తర్వాత తెలిసింది. మూసుకుపోయిన పైపు కంటే ఊడిన పైపే ఎక్కువ కష్టపెట్టింది, ఎందుకంటే అది ఇంజన్ వైపు నుంచి కనబడదు. పక్క సీటు ముందు కార్పెట్ మూల వెనక్కి లాగి, టార్చి పట్టి, తల డాష్‌బోర్డు కిందికి దూర్చితే కనబడింది. చేత్తో నొక్కితే టప్పుమని కూర్చుంది. అంతే పని. మెడ మాత్రం రెండు రోజులు పట్టేసింది.

ఇక నేను చేసిన పద్ధతి, ఇప్పటికీ చేస్తున్నది: ఊదడం కాదు, పీల్చడం. తడినీ పొడినీ రెండిటినీ లాగే వాక్యూమ్ క్లీనర్ కావాలి. మామూలు ఇంటి వాక్యూమ్‌తో ఈ పని చేయవద్దు, నీళ్లు మోటారులోకి పోతాయి. కారు చల్లారాక ముందు చక్రాలు ర్యాంపుల మీదికి ఎక్కించి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి కిందికి దూరాను. జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి మాత్రం తల పెట్టవద్దు, సరైన స్టాండ్లు ఉండాల్సిందే. పైపు చాలా కార్లలో ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే గోడ దగ్గర, పక్క సీటు వైపునో మధ్యలోనో కిందికి వేలాడుతుంది. దగ్గర్లోనే సైలెన్సర్ గొట్టం ఉండొచ్చు, చల్లారేదాకా ఆగమన్నది అందుకే.

వాక్యూమ్ గొట్టం లావు, డ్రెయిన్ పైపు సన్నం. రెండూ కలిసే చోట తడిగుడ్డ చుట్టి పిడికిలితో గట్టిగా పట్టుకుని స్విచ్ వేశాను. మొదటి పది సెకన్లు మోటారు గొంతు పిసికినట్టు మూలిగింది. తర్వాత లోపల ఏదో గుటకేసిన చప్పుడు, ఆ వెంటనే మోటారు గొంతు తేలికైంది, పిడికిలి కింద పైపు చల్లబడింది. వాక్యూమ్ తీయగానే మిగిలిన నీళ్లు మణికట్టు మీదుగా చొక్కా చేతిలోకి, అక్కడి నుంచి చంకలోకి. నోరు మూసుకుని ఉండాలన్న జ్ఞానం అప్పుడే వచ్చింది. డబ్బా తెరిచి చూస్తే గోధుమరంగు జిగురు, వేలితో ఎత్తితే తీగలా సాగుతోంది. అందులో ఆకు ఈనెలు, వెంట్రుకలు, నల్ల స్పాంజి నలుసులు. ఆ స్పాంజి డాష్‌బోర్డు లోపల గాలిని అటూ ఇటూ మళ్లించే మూతలకు అంటించిన ఫోమ్. ఏళ్లు గడిచేకొద్దీ అది పొడిపొడిగా రాలుతుందట.

చాలామంది పైపులోకి సైకిల్ చువ్వనో గట్టి తీగనో గుచ్చుతారు. తీగ ఎక్కువ లోపలికి పోతే ఎదురుగా ఉండేది పలుచటి అల్యూమినియం కాయిల్. దానికి చిల్లు పడితే అసలు ఖర్చు అప్పుడు మొదలవుతుంది, డాష్‌బోర్డు మొత్తం విప్పే పని. ఏదైనా గుచ్చక తప్పకపోతే గడ్డి కోసే యంత్రంలో వాడే నైలాన్ దారం మేలు, అది వంగిపోతుంది కానీ పొడవదు. అదీ అరచేతి పొడవుకు మించి తోయను.

పైపు పని మొత్తం ముప్పావు గంట. కార్పెట్ పని ఐదు రోజులు! దీని గురించి నన్ను ఎవరూ హెచ్చరించలేదు. పైన చేత్తో రాస్తే కార్పెట్ పొడిగా తగిలింది, అయిపోయిందనుకున్నాను. మూడో రోజు తలుపు తీయగానే తడి గోనెసంచి కంపు. బొటనవేలితో గట్టిగా నొక్కితే వేలి చుట్టూ నీరు ఊరింది. కార్పెట్ కింద అంగుళం మందాన ఫెల్ట్ ఉంటుంది, శబ్దం రాకుండా వేసేది. అది లీటర్ల కొద్దీ తాగేస్తుంది, పైన కార్పెట్ దానికి మూత. సీటు వెనక్కి జరిపి, తలుపు దగ్గర ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి, కార్పెట్ ఎత్తి కింద చెక్కముక్కలు పెట్టి, టేబుల్ ఫ్యాను ఆ సందులోకి తిప్పాను. అంతకుముందు వాక్యూమ్‌తో ఎంత లాగాలో అంత లాగాను, పాత తువ్వాళ్లు పరిచి మీద నిలబడ్డాను, పిండాను, మళ్లీ నిలబడ్డాను. సీటు విప్పితే పని సులువయ్యేదే, కానీ కింద పసుపురంగు కనెక్టర్లు కనబడ్డాయి. అవి ఎయిర్‌బ్యాగ్ వైర్లు. బ్యాటరీ తీసి కాసేపు ఆగకుండా వాటి జోలికి పోకూడదు కాబట్టి నేను సీటు వదిలేశాను. అలసత్వం వల్ల సీటు బోల్టు ఒకదానికి అప్పటికే తుప్పు మొదలైంది, అది ఇంకా ఉంది. వాన రోజుల్లో కారు మూసి ఉంచితే ఆ పాత కంపు ఇప్పటికీ పలచగా తగులుతుంది. పూర్తిగా పోయిందని చెబితే అబద్ధం.

రెండో వేసవిలో పైపు మళ్లీ మూసుకుంది. ఈసారి అమ్మ కాళ్లదాకా రానివ్వలేదు. కింద చుక్కలు ఆగిన రోజే తెలిసింది, వాక్యూమ్‌తో పది నిమిషాల్లో తీసేశాను. కానీ ఏడాదికే ఎందుకు నిండిందన్నది తేలలేదు. గ్లవ్ బాక్సు దించి క్యాబిన్ ఫిల్టర్ చూద్దామని చెయ్యి పెడితే, ఫిల్టర్ పెట్టె మూత ఒక పక్క కొక్కెం పడలేదు. మొదటి వేసవిలో ఫిల్టర్ మార్చింది నేనే. తిట్టుకోవడానికి మెకానిక్ కూడా దొరకలేదు! ఆ సందులోంచి దుమ్మూ చెత్తా ఫిల్టర్‌ను తప్పించుకుని నేరుగా కాయిల్ మీదికి పోతున్నాయి. తడి కాయిల్ మీద పడిన దుమ్ము బురదవుతుంది, బురద తొట్టిలోకి జారుతుంది. మూత సరిగ్గా వేశాను, వైపర్ల కింద జాలీలో పేరుకున్న ఎండుటాకులు ఏరేశాను, ఏడాదికోసారి ఫిల్టర్ మారుస్తున్నాను. మూడో వేసవి మొత్తం పైపు ముట్టుకోలేదు. వైద్యాలన్నిటిలో నేను పూర్తి మార్కులు వేసేది ఈ మూతకే.

కాయిల్ శుభ్రం చేసే ఫోమ్ స్ప్రే కూడా వాడాను. కంపు తగ్గుతుంది, రెండు నెలలు. పైపు తెరుచుకుని ఉందని తేల్చుకోకుండా కొడితే ఆ నురగ నీరంతా కూడా లోపలే ఉండిపోతుంది. గమ్యం చేరడానికి ఐదు నిమిషాల ముందు ఏసీ ఆపి ఫ్యాను మాత్రం నడపడం వల్ల కాయిల్ కొంత ఆరుతుంది. వాసనకు అది స్ప్రే కంటే మెరుగు, పైసా ఖర్చు లేదు. అయితే ఈ రెండూ మూసుకుపోయిన పైపును తెరవవు.

మీ కారులో తడి కనబడితే పైపు మీదికి పోయేముందు తెల్ల టిష్యూ ఒకటి అద్ది చూడండి. రంగూ వాసనా లేని నీరైతే, ఏసీ వేసిన రోజునే వస్తుంటే, చాలావరకు ఇదే కథ. జిగటగా, తియ్యటి వాసనతో, రంగుతో ఉంటే అది హీటర్ కాయిల్ నుంచి కారే కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం. అద్దం మీద నూనె పొరలా మసక కూడా పడుతుంది. దాన్ని వాయిదా వేయకూడదు, ఇంజన్ వేడెక్కిపోతుంది. ఏసీ వేయకపోయినా వాన పడ్డాక తడుస్తుంటే తలుపు రబ్బర్లో, వైపర్ల కింది జాలీయో, సన్‌రూఫ్ ఉంటే దాని గొట్టాలో చూడాలి. ఇంకో మాట, పొడి వాతావరణంలోనూ, లోపలి గాలినే తిప్పే బటన్ నొక్కి ఉంచినప్పుడూ కింద చుక్కలు తక్కువే పడతాయి. పరీక్షించాలంటే ఉక్కగా ఉన్న రోజున, బయటి గాలి వచ్చేలా పెట్టి, పావుగంట ఏసీ నడిపి చూడండి.

అమ్మకు ఇదొక అలవాటైపోయింది. ఎక్కడికెళ్లినా దిగగానే చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని వంగి కింద చూస్తుంది. "కారుతోందిరా" అంటుంది. అప్పుడు తలుపు లాక్ చేస్తాను.