నాసియోనలిస్టా, లిబరల్: పడి లేచిన రెండు ఫిలిప్పీన్స్ పార్టీలు

అమెరికా పాలనలో 1907లో పుట్టి, స్వాతంత్ర్య నినాదంతో దశాబ్దాలపాటు ఆధిపత్యం చెలాయించిన నాసియోనలిస్టా పార్టీ నుంచి మాన్యుయెల్ రోహాస్ వర్గం చీలిపోవడం వల్లే లిబరల్ పార్టీ ఏర్పడింది కనుక, సిద్ధాంతాల్లో రెంటికీ పెద్ద తేడా లేదు. ఫెర్డినాండ్ మార్కోస్ లిబరల్ పార్టీని వీడి, 1965లో నాసియోనలిస్టా అభ్యర్థిగా అధ్యక్షుడు కావడమే అందుకు సాక్ష్యం. 1972లో ఆయన విధించిన మార్షల్ లా (సైనిక శాసనం) రెండు పార్టీలనూ అణగదొక్కింది.

పునరుజ్జీవనంలో మాత్రం దారులు వేరయ్యాయి. నాసియోనలిస్టాను స్థిరాస్తి వ్యాపారి మాన్యుయెల్ విల్యార్ నిలబెట్టారు. 1971 ఆగస్టు 21న ప్లాజా మిరాండా ఎన్నికల సభలో బాంబుదాడికి గురైన లిబరల్ పార్టీ, మాజీ అధ్యక్షురాలు కోరజాన్ అక్వినో మరణానంతరం పెల్లుబికిన సానుభూతితో 2010లో ఆమె కుమారుణ్ని అధ్యక్షుణ్ని చేసుకుంది. 2016 అధ్యక్ష ఎన్నికల్లో ప్రత్యర్థి పార్టీకి చెందిన రోద్రిగో దుతెర్తే గెలవగానే దాని సభ్యులు పెద్దఎత్తున అటు ఫిరాయించారు. అయినా ప్రతిపక్షంలోనే నిలిచి, 2019 సెనేట్ ఎన్నికల్లో ఒక్క స్థానమూ దక్కకపోయినా, 2025లో ఫ్రాన్సిస్ పంగిలినాన్‌ను గెలిపించుకున్న లిబరల్ పార్టీ పునరాగమనానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.