రెండు బండ్లు, రెండు రకాల స్టిక్కరింగ్: ఐదేళ్లు వాడాక

మా పచ్చళ్ల వ్యాపారానికి రెండు బండ్లున్నాయి. ఒకటి మారుతి ఈకో, రెండోది వెనక ఇనుప బాక్సు కట్టించిన టాటా ఏస్. రెండింటికీ విజయవాడ ఆటోనగర్‌లోనే స్టిక్కరింగ్ చేయించాం. ఫిలిం మాత్రం వేరు. ఏస్‌కి రేడియం షాపుల్లో మామూలుగా వేసే క్యాలెండర్డ్ వినైల్ (వినైల్ అంటే స్టిక్కర్లకు వాడే ప్లాస్టిక్ ఫిలిం). ఈకోకి కాస్ట్ వినైల్ మీద ప్రింటు తీసి, పైన లామినేషన్ వేసింది. కాస్ట్ ఫిలింకి చదరపు అడుగు రేటు మూడు రెట్ల పైనే పడింది. ఈ మధ్య లోగో మార్చాం కాబట్టి రెండింటి మీదా పాతది పీకించాల్సి వచ్చింది. అసలు తేడా అప్పుడు బయటపడింది. కొత్తగా వేసిన వారానికి రెండూ ఒకేలా మెరుస్తాయి, ఆ మెరుపు చూసి రాసే రివ్యూలను నేను నమ్మను.

క్యాలెండర్డ్ ఫిలింని పీవీసీ ముద్దను వేడి రోలర్ల మధ్య నొక్కి, సాగదీసి తయారుచేస్తారు. సాగిన సరుకు కాబట్టి ఎప్పుడు సందు దొరికితే అప్పుడు వెనక్కి ముడుచుకోవాలని చూస్తుంది. ఎండ తగిలితే ఇంకా తొందర. కాస్ట్‌ని ద్రవంగా పోసి, ఓవెన్‌లో ఆరబెడతారు, దానికి ఆ లాగుడు ఉండదు. మందం సుమారు 50 మైక్రాన్లే. త్రీఎం ఐజే180, ఏవరీ డెన్నిసన్ ఎంపీఐ 1105 లాంటివి కాస్ట్. ఒరాకల్ 651 క్యాలెండర్డ్. షాపులో 'కంపెనీ సరుకే సార్' అంటే ఆగిపోకండి, ఏ నంబరు ఫిలిమో బిల్లు మీద రాయించుకోండి.

అతికించే పని గురించి ఎక్కువ చెప్పను, మంచి పనివాడు దొరికితే సగం టెన్షన్ పోతుంది. ఈకో పని పొద్దున్నే, షెడ్డు కింద జరిగింది. మే నెల మధ్యాహ్నం బెజవాడలో బండి రేకు మీద చెయ్యి పెట్టలేం. అంత వేడి మీద గమ్ తగలగానే పట్టేస్తుంది, వంకర పోతే సరిచేసే వీలుండదు. ఈ కాస్ట్ ఫిలిం వెనక గాలి పోవడానికి సన్నటి గాడులు ఉంటాయి కాబట్టి సబ్బునీళ్లు వాడకుండా పొడిగానే వేశాడు. ఏస్‌కి మాత్రం సబ్బునీళ్లు కొట్టి, అక్షరాలను జరుపుకుంటూ రబ్బరు పట్టీతో నీళ్లు తోసేశారు. రెండూ సరైన పద్ధతులే, ఏ ఫిలింకి ఏదన్నదే చూసుకోవాలి. ఇంకొకటి: మూలల్లోనూ గాడుల్లోనూ ఫిలింని లాగి కూర్చోబెట్టిన చోట చివర్లో హీట్ గన్‌తో మళ్లీ గట్టిగా వేడి చేయాలి. ఇది చేయకుండా బండి అప్పజెప్పేవాళ్లే ఎక్కువ.

ఏస్ బాక్సుకి వరసగా రివెట్లు. కొద్ది నెలలకే ప్రతి రివెట్ చుట్టూ ఫిలిం గుడారంలా లేచింది. సూదితో పొడిచి, వేడి చేసి నొక్కితే కొన్నాళ్లు కూర్చుంది, వేసవి రాగానే మళ్లీ లేచింది. అక్షరాల అంచులు ముడుచుకుని, బయటపడ్డ గమ్‌కి దుమ్ము పట్టి, ప్రతి అక్షరం చుట్టూ నల్లటి గీత గీసినట్టు తయారైంది. ఎరుపు రంగు రెండో వేసవికే గులాబీ అయింది. మిరపకాయ బొమ్మ గులాబీ రంగులో ఉంటే పచ్చళ్ల వ్యాపారానికి ఎంత శోభో చెప్పక్కర్లేదు.

ఈకో పక్క తలుపుల మీద ప్రింటు మూడేళ్ల వరకూ దాదాపు వేసినట్టే ఉంది. బానెట్ మీదది అలా లేదు. నేరుగా ఎండ పడే చోట లామినేషన్ పాలిపోయి, సన్నటి పగుళ్లు వచ్చాయి. కంపెనీలు కూడా బానెట్‌కీ టాప్‌కీ గ్యారంటీ కాలం తక్కువే ఇస్తాయి. ఇది అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు. మాకు సొంతంగా ఎదురైన ఇబ్బంది ఇంకొకటి నూనె. డబ్బాలు దించేటప్పుడు పక్క తలుపు కింది అంచుకి నూనె కారుతూనే ఉంటుంది, అక్కడ కాస్ట్ ఫిలిం కూడా లేచిపోయింది. వాటర్ సర్వీసింగ్ దగ్గర కూడా కన్నేసి ఉంచాలి. కుర్రాళ్లు పైపు దగ్గరగా పెట్టి అంచు మీద పక్కవాటుగా కొడతారు. అడుగు దూరం నుంచి, నేరుగా కొట్టమని చెప్పాలి.

ఇక పీకడం. ఈకోది ఒక్క పూటలో అయిపోయింది. హీట్ గన్‌తో చేతికి సుర్రుమనేంత వరకు వేడి చేసి, ఒక మూల లేపి, ఫిలింని దాని మీదకే మడిచినట్టు నెమ్మదిగా లాగితే తలుపంత ముక్క తలుపంతగా వచ్చేసింది. తొందరపడి గట్టిగా గుంజితే గమ్ రేకు మీదే ఉండిపోతుంది. బానెట్ మీదది మాత్రం పగుళ్ల వల్ల ముక్కలుగా వచ్చింది, తలుపులన్నింటికీ పట్టినంత సేపు ఆ ఒక్కదానికే పట్టింది.

ఏస్‌ది నరకం. ఎండలో ఏళ్ల తరబడి ఉండేసరికి ఫిలింని మెత్తగా ఉంచే పదార్థం పోయి, గోరంత పెంకులుగా విరిగింది. వేడి ఎక్కువ చేస్తే సాగి తెగుతుంది, తక్కువ చేస్తే పెళుసుగా విరుగుతుంది. పైపొర వచ్చాక కింద గమ్ మొత్తం అలాగే ఉంది. పీకే పని ఒప్పుకున్న షాపువాళ్లు దాని మీద థిన్నర్ పోశారు. కంపెనీ పెయింట్ అయితే కాసేపు తట్టుకునేదేమో, బాక్సుది ఆటోనగర్‌లోనే కొట్టించిన పెయింట్, మెత్తబడి గుడ్డకి అంటుకొచ్చింది. నేను అరిస్తే గానీ ఆపలేదు. అంతకుముందే పెచ్చులతో పాటు పెయింట్ కూడా ఊడిన చోట్లు రెండు మూడు ఉన్నాయి. మిగతా గమ్‌ని మేమే తీసుకున్నాం. వేరుశెనగ నూనె పట్టించి, అరగంట నాననిచ్చి, పాత ఏటీఎం కార్డుతో గీకి, డిష్‌వాష్ సబ్బుతో కడిగాం. తలుపు అంచున ఫిలింని లేపిన నూనె ఇక్కడ పనికొచ్చింది. టర్పెంటైన్ కూడా పనిచేస్తుంది, కానీ ముందు కనపడని మూల కొద్దిగా రాసి చూడాలి. కొత్త స్టిక్కర్ వేసే ముందు నూనె జిడ్డు పూర్తిగా పోవాలి, చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవక తప్పదు.

అంతా పోయాక కూడా పాత పేరు చదవగలిగేలా ఉంది. స్టిక్కర్ కింద రంగు కొత్తగా, చుట్టూ ఎండకి వెలిసి ఉంటుంది కదా. ఈకోకి రబ్బింగ్ పాలిష్ చేయిస్తే చాలావరకు పోయింది. ఏస్ బాక్సుకి మళ్లీ పెయింట్ కొట్టించక తప్పలేదు. క్యాలెండర్డ్ వేసి మిగిల్చిన డబ్బు, పీకుడు కూలీ, పెయింట్ ఖర్చు కింద పోయి ఇంకా పైన పడింది. కొత్త పెయింట్ మీద వెంటనే అతికించకూడదు, లోపలి ద్రావకాలు ఆరకపోతే కింద బుడగలు లేస్తాయి. అందుకని నెల రోజులు బాక్సు బోసిగానే తిరిగింది.

క్యాలెండర్డ్ పనికిరాదని కాదు. ఎన్నికల ప్రచారానికో, పండగ ఆఫర్‌కో ఏడాది లోపు తీసేసేదైతే అది చాలు. కాస్ట్ అయినా సరే, పగుళ్లు మొదలవగానే తీయించేయాలి. ఇంకో వేసవి చూద్దాంలే అనుకుంటే పీకుడు ఖర్చు పెరుగుతుంది.

ఈసారి రెండింటికీ కాస్టే. బానెట్‌కి ఏమీ వేయలేదు. వెనక అద్దానికి వన్ వే విజన్ (బయట బొమ్మ కనిపిస్తూ, లోపల్నుంచి బయటకి చూడగలిగే చిల్లుల ఫిలిం) వేస్తామన్నారు, వద్దన్నాం. 2012లో బండ్ల అద్దాలకి ఫిలిం అతికించకూడదన్న సుప్రీంకోర్టు తీర్పు తర్వాత పోలీసులు కూడళ్లలో ఆపి అద్దాల ఫిలింలు పీకించడం చూసినవాళ్లం. బాక్సు మీద రివెట్లు లేని నడిమి భాగంలోనే పేరు వచ్చేలా డిజైన్ చిన్నది చేయించాం. రిఫ్లెక్టివ్ టేపుని ఎక్కడా కప్పలేదు, ఫిట్‌నెస్‌కి వెళ్లినప్పుడు దాన్ని చూస్తారు. ఫోన్ నంబరుని విడి ముక్కగా వేయించాం, మారితే అదొక్కటే తీస్తే సరిపోతుంది.