మిలాన్ వెళ్తే హ్యాంగర్ బికోకా వదలొద్దు

మిలాన్‌లో మూడు రోజులున్నాం, నేనూ అమ్మా. డువోమో అనే పెద్ద చర్చి చూశాం. డావిన్చీ గీసిన లాస్ట్ సప్పర్ బొమ్మకి వారాల ముందే టికెట్ తీసుకుని, వాళ్లిచ్చే 15 నిమిషాలూ కళ్లార్పకుండా చూశాం. అయినా ఇంటికొచ్చాక మళ్లీ మళ్లీ గుర్తొస్తున్నది పిరెల్లి హ్యాంగర్ బికోకా అనే ఆర్ట్ గ్యాలరీనే.

ఒకప్పుడు రైలింజన్లు తయారైన షెడ్డు అది. ప్రవేశం ఉచితం. గురువారం నుంచి ఆదివారం దాకే తెరుస్తారు. ఆ సంగతి చూసుకోక బుధవారం వెళ్లి, మూసిన తలుపు చూసి వెనక్కొచ్చాం. మర్నాడు మళ్లీ వెళ్లాం.

లోపలంతా చీకటి. జర్మన్ కళాకారుడు అన్సెల్మ్ కీఫర్ 2004లో నిలబెట్టిన ఏడు కాంక్రీటు గోపురాలు మెల్లగా కంటికి ఆనతాయి. ఒక్కోటీ 90 టన్నులు, ఎత్తు 14 నుంచి 18 మీటర్లు. గది మీద గది పేర్చిన పేకమేడల్లా ఉన్నాయి. అంతస్తుల మధ్య సందుల్లో సీసంతో చేసిన పుస్తకాలు దూర్చాడు. ఒక గోపురం నుంచి పటాలు జారిపడుతున్నట్టుంటాయి, ఫ్రేములూ పగిలిన గాజూ తప్ప వాటిలో బొమ్మే లేదు. అక్కడే చాలాసేపు ఆగిపోయాను.

2015లో గోపురాల పక్కన ఐదు భారీ పెయింటింగ్‌లు చేర్చారు. ఒకదాని పేరు 'జైపూర్'. రంగు ఎంత మందమంటే, నెర్రెలిచ్చిన చెరువు నేలను నిలబెట్టినట్టుంది. మరో రెండింటిలో తెల్లటి ఆకాశం మీద నల్లటి చుక్కలు. అమ్మ దగ్గరికెళ్లి చూసి, "ఒరేయ్, ఇవి పొద్దుతిరుగుడు గింజల్రా!" అంది. నంద్యాల వైపు ఏళ్ల తరబడి ఆ పంట వేసిన మనిషి. ఎవరూ చెప్పకుండానే గుర్తుపట్టింది. తర్వాత అక్కడి గైడ్ అమ్మాయి అదే మాట చెప్పింది. ఆ అమ్మాయి పైసా తీసుకోకుండా అరగంట ఓపిగ్గా వివరించింది.

బస మాత్రం బాగాలేదు. సెంట్రల్ స్టేషన్ దగ్గర హోటల్ తీసుకున్నాం. గది ఇరుకు, సిటీ టాక్స్ విడిగా కట్టాలని కౌంటర్ దగ్గరికెళ్లేదాకా చెప్పలేదు. ఈసారైతే జారా మెట్రో స్టేషన్ దగ్గర బస చేస్తాను. అక్కడ డ్రైవర్ లేని ఎం5 మెట్రో ఎక్కితే నేరుగా పొనాలే స్టాప్, అక్కణ్నుంచి నడకే. పెద్దవాళ్లతో వెళ్తే రెండు గంటలైనా పెట్టుకోండి. అమ్మ ఆ గింజల ముందు నుంచి ఓ పట్టాన కదల్లేదు.