మందు మానేశాక దావత్‌లో: సాకు చెప్పాలా, నిజం చెప్పాలా?

సాకు: "యాంటీబయోటిక్ వాడుతున్నా." ఆ రాత్రికి గండం గడుస్తుంది. కానీ కోర్సు ఐదు రోజులే, వచ్చే ఆదివారం మళ్లీ గ్లాసు ముందుకొస్తుంది.

నిజం: "మానేశాను." మొదట ఎగతాళి తప్పదు. "ఒక్క పెగ్గుకేమవుతుంది బావా" అనే బావమరిది ప్రతి ఇంట్లో ఉంటాడు. రెండు మూడు దావత్‌లు గట్టిగా నిలబడితే అడిగేవాళ్లు తగ్గుతారు.

ఏది చెప్పినా చేతిలో కూల్‌డ్రింక్ ఉంటే సగం టెన్షన్ పోతుంది. మీరే పోసుకోండి, సరదాకి కలిపేవాళ్లుంటారు. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ బిళ్లలు వాడేవాళ్లకు అది సరదా కాదు: కొంచెం మందు పడినా ముఖం ఎర్రబడడం, వాంతులు, గుండెదడ. వాళ్లు ఒక్కరికైనా నిజం చెప్పి ఉంచాలి.

దూరపు చుట్టాల పెళ్లికి, ఆఫీసు పార్టీకి సాకు చాలు. వారం వారం కలిసే దోస్తులకు నిజమే నయం. మానేసి నెల కూడా కాలేదా? మధ్యాహ్నం భోజనాలకు వెళ్లి, సీసాలు బయటికి రాకముందే వచ్చేయండి.